సింహాల ముందు హైనాల గుంపు

పోయిన సంచికలో పులి గురించి రాశారు. అంతకుముందు నెమలి గురించి రాశారు. హైనా గురించి మన గోడపత్రికలో ఎవరూ రాయలేదు. నేను రాస్తానంటే నా పక్క మంచం వాళ్ళు నవ్వారు. "ఇంకో జంతువే దొరకలేదా నీకు?" అన్నారు. నిజమే, హైనా అందంగా ఉండదు. ముందుకాళ్ళు పొడుగు, వెనకకాళ్ళు పొట్టి. నడుము ఏటవాలుగా జారినట్టుంటుంది. నడుస్తుంటే కుంటుతున్నదేమో అనిపిస్తుంది. దానికి తోడు చెడ్డపేరు ఒకటి. 1994లో వచ్చిన 'ది లయన్ కింగ్' బొమ్మల సినిమాను 2019లో మళ్ళీ కొత్తగా తీసి, తెలుగు మాటలతో కూడా విడుదల చేశారు. మనలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. అందులో సింహం రాజు. హైనాలేమో ఎంగిలికి ఎగబడే పిరికి గుంపు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను రాస్తున్నది మన అడవుల్లో ఉండే దుమ్ములగొండి గురించి కాదు. దుమ్ము అంటే ఎముక అని కూడా అర్థముంది. ఎముకలు కొరుకుతుంది కాబట్టి ఆ పేరు. మనదానికి ఒంటిమీద చారలుంటాయి, వీపు మీద జూలు ఉంటుంది. ఎక్కువగా ఒంటరిగా, రాత్రిపూట, చప్పుడు లేకుండా తిరుగుతుంది. నేను చెప్పేది ఆఫ్రికాలో ఉండే మచ్చల హైనా గురించి. రెండూ ఒకే కుటుంబంలోవే గాని బతుకు వేరు. మచ్చల హైనా గుంపుగా బతుకుతుంది. ఒక్కో గుంపులో పదుల సంఖ్యలో ఉంటాయి, కొన్నిచోట్ల నూరు కూడా దాటుతాయి. ఆ గుంపులో ఆడవాటిదే పెత్తనం. ఆడవి మగవాటికన్నా కొంచెం పెద్దవి కూడా. తల్లి హోదా పిల్లకు వస్తుంది. మగపిల్లలు పెద్దవై వేరే గుంపును వెతుక్కుంటూ వెళ్ళిపోతాయి. ఈ మాట చెబితే మా గదిలో ఇంకా ఎక్కువ నవ్వారు. అది వేరే సంగతి.

జీవశాస్త్రం సారు ఒక శనివారం కంప్యూటర్ గదిలో మాకొక వీడియో చూపించారు. పగటిపూట, ఎండలో, చచ్చిన అడవిదున్న చుట్టూ సింహాలు పడుకొని తింటున్నాయి. కొంచెం దూరంలో హైనాలు తోకలు ముడిచి నిలబడ్డాయి. సారు వీడియో ఆపి, "వేట ఎవరిది?" అనడిగారు. అందరం "సింహాలది" అన్నాం. "రాత్రి మీరు చూశారా?" అన్నారు.

చూసినాయన ఒకరున్నారు. హాన్స్ క్రూక్ అనే డచ్చి శాస్త్రవేత్త. 1964లో టాంజానియాలోని సెరెంగెటికి వెళ్ళి, అక్కడా, దాని పక్కనున్న ఎన్గోరోంగోరోలోనూ రాత్రిళ్ళు జీపులో హైనాల వెంట తిరిగాడు. 1972లో పుస్తకం రాశాడు. ఆయన చూసిందేమిటంటే, అక్కడ హైనాలు తమ తిండిలో ఎక్కువ భాగం సొంతంగా వేటాడి తెచ్చుకుంటున్నాయి. రాత్రి హైనాలు వేటాడి చంపుతాయి. తినేటప్పుడు కేకలు, అరుపులు, ఆ నవ్వులాంటి చప్పుడు. ఆ గోల విని సింహాలు వచ్చి వాటిని తరిమేసి తింటాయి. తెల్లారి వచ్చిన మనుషులకు కనబడేది తింటున్న సింహం, కాచుకొని ఉన్న హైనా. దాన్నిబట్టే రాజు ఎవరో, దొంగ ఎవరో రాసేశారు. సింహాలు చంపినదాన్ని హైనాలు గుంజుకోవడం కూడా ఉంది, లేదనను. కాని దొంగతనం రెండువైపులా ఉంది. పేరు మాత్రం ఒకవైపే పడింది. ఆ నవ్వు కూడా సంతోషంతో నవ్వేది కాదట. భయపడినప్పుడు, పెద్దవాటికి లొంగినప్పుడు, తిండి దగ్గర తోపులాటలో వచ్చే చప్పుడది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెద్ద హైనా బరువు సుమారు 50 నుంచి 70 కిలోలు. ఆడసింహం దానికి రెండింతలు ఉంటుంది. మగసింహం మూడింతలు. ఒక్క హైనా ఒక్క సింహానికి ఎదురుపడితే పని అయిపోయినట్టే. సింహం హైనాను చంపుతుంది, చాలాసార్లు తినను కూడా తినదు, అక్కడే వదిలేసి పోతుంది. కొన్నిచోట్ల హైనాల చావులకు అన్నిటికంటే పెద్ద కారణం సింహాలే. మరి అలాంటి సింహాన్ని హైనాలు ఎలా లేపి పంపిస్తాయి?

వీడియోలో చూసింది చూసినట్టు చెబుతాను. మొదట ఒకటి రెండు హైనాలు దూరంగా నిలబడి కూస్తాయి. ఊ...ప్ అని కిందినుంచి పైకి లేచే కూత. కొన్ని కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. ఒకటొకటిగా మిగతావి వస్తాయి. వచ్చినవి వెంటనే సింహం మీదికి పోవు. ముందు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఒకటి తల ఇటు, ఇంకొకటి తల అటు పెట్టి పక్కపక్కన నిలబడి, వెనక కాలెత్తి, వాసన చూసుకుంటాయి. (ఇది చూసి క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు.) తర్వాత భుజానికి భుజం ఆనుకొని నిలబడతాయి. తోకలు పైకి లేస్తాయి, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు అన్నీ కలిసి ఒక్క గోడలాగా ముందుకు నడుస్తాయి. పరుగెత్తవు, నడుస్తాయి. సింహం లేచి మీదికి ఉరికితే విడిపోతాయి. మళ్ళీ కలుస్తాయి, మళ్ళీ నడుస్తాయి. సింహం ఒకదానివైపు తిరిగితే ఇంకొకటి వెనకనుంచి కొరకడానికి వస్తుంది. ఇట్లా నాలుగైదుసార్లు అయ్యాక ఆడసింహం విసుగొచ్చినట్టు లేచి వెళ్ళిపోయింది.

అన్నిసార్లూ ఇట్లా జరగదు. బోట్స్వానాలోని చోబే అడవిలో చేసి 1991లో అచ్చేసిన పరిశోధన ఒకటుంది. ఆడసింహాల దగ్గరనుంచి హైనాలు తిండి గుంజుకోవాలంటే ఒక్కో సింహానికి నాలుగు హైనాల లెక్కన ఉండాలని, పెద్ద మగసింహం అక్కడ ఉండకూడదని అందులో తేలింది. మగసింహం ఒక్కటి వచ్చిందంటే లెక్క మొత్తం మారిపోతుంది. అదే బోట్స్వానాలో జూబర్ట్ దంపతులు తీసిన 1992 నాటి సినిమాలో మగసింహం పరుగెత్తుకొచ్చి హైనాల పెద్దమ్మను పట్టి చంపేది ఉంది. సారు ఆ ముక్క కూడా చూపించారు. అప్పుడెవరూ నవ్వలేదు.

అంటే హైనాలు లెక్క చూసుకుంటాయన్నమాట. ఇది నేను ఊహించి రాసింది కాదు. కెన్యా దేశంలోని మసాయి మారాలో 1988 నుంచి కే హోల్‌క్యాంప్ అనే ఆమె, ఆమె శిష్యులు హైనాలను వరుసగా గమనిస్తున్నారు. ఒంటిమీది మచ్చలను చూసి ఏది ఏదో గుర్తుపడతారు. మనం ఆవులను గుర్తుపట్టినట్టే. అక్కడ చేసి 2011లో అచ్చేసిన ఒక పరీక్షలో, ముక్కూ మొగమూ తెలియని హైనాల కూతలను స్పీకర్లో వినిపించారు. ఒకసారి ఒక్క హైనా కూత, ఇంకోసారి రెండింటివి, మరోసారి మూడింటివి. విన్న హైనాలు గొంతుల సంఖ్య పెరిగినకొద్దీ ఎక్కువసేపు చెవులు రిక్కించి చూశాయి. చీకట్లో మనిషి కనబడకుండా గొంతులను బట్టి ఎందరున్నారో పోల్చుకోవడం ఇది. సింహాలు కూడా ఇదే పని చేస్తాయని 1994లోనే సెరెంగెటిలో చూశారు. ఒక్క కొత్త సింహం గర్జన వినిపిస్తే ఆడసింహాలు దానివైపు పోతాయి, మూడు గర్జనలు వినిపిస్తే తటపటాయిస్తాయి, తమవాళ్ళను పిలుస్తాయి.

ఇది విన్నప్పుడు నాకు మా తాత మంచె గుర్తొచ్చింది. మంచె కాపలా తెలిసినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. తెలియనివాళ్ళ కోసం, వార్డెన్ సార్ల కోసం రాస్తున్నాను. మక్కచేను కంకి పాలు పోసుకునే కాలంలో అడవిపందులు రాత్రిపూట వస్తాయి. ఒక్క రాత్రిలో చేను తొక్కి పడేస్తాయి. తినేదానికన్నా విరిచేసేది ఎక్కువ. అందుకే ప్రతి చేనులో మంచె ఉంటుంది. చీకటి పడినాక మా తాత మంచెమీదనుంచి ఒక కూత వేస్తాడు. ఓ...హో అని. అవతలి చేనునుంచి ఇంకొకరు పలుకుతారు. దాని అవతల ఇంకొకరు. తాత కండ్లు మూసుకొని వేళ్ళమీద లెక్కపెడతాడు. "అది మీ పెద్దబాపు. అది వాగవతల ముసలాయన, ఇయ్యాల గొంతు బొంగురున్నది. అది పిల్లగాడు, వాళ్ళ నాయిన రాలేదు." ఇట్లా ఎవరు మేలుకొని ఉన్నారో, ఎవరు రాలేదో అన్నం తినకముందే తెలిసిపోతుంది.

పందులు పడ్డాయనుకోండి, ఆ చేను ఆయన పొట్టి పొట్టి కూతలు వరసగా వేస్తాడు. అప్పుడు కూడా తాత వెంటనే మంచె దిగడు. ముందు వింటాడు. ఎన్ని చేలనుంచి జవాబు వస్తుందో చూస్తాడు. ఇద్దరే పలికితే మంచెమీదనే ఉండి డబ్బా కొడతాడు. కోరలున్న ముదురు పంది ఒంటరి మనిషి మీదికి తిరిగితే తొడ చీల్చేస్తుంది, మా ఊళ్ళో అట్లా కుంటిగా నడిచేవాళ్ళు ఇద్దరున్నారు. ఎనిమిది తొమ్మిది గొంతులు పలికితే దిగుతాడు. అందరూ గట్టుమీద కలుసుకుంటారు. కలిసినాక కూడా పరుగెత్తరు. బీడీలు అంటించుకుంటారు, ఎవరి చేతిలో బ్యాటరీ ఉందో, ఎవరి దగ్గర కుక్క ఉందో అడుగుతారు. నా చిన్నప్పుడు నాకిది ఆలస్యం చేయడంలాగా అనిపించేది. ఆ తర్వాత ఒకే వరసలో, ఊరివైపు నుంచి అడవివైపుకు నడుస్తారు. అడవివైపు మాత్రం వదిలేస్తారు. చుట్టూ మూసేస్తే పంది మీదికే వస్తుంది. దారి ఉంటే పోతుంది.

హైనాల పలకరింపు చూసినప్పుడు నాకు ఆ బీడీలు గుర్తొచ్చాయి. దీనిమీద కూడా పరిశోధన ఉంది. మసాయి మారాలో ఏళ్ళ తరబడి రాసి పెట్టిన సింహాల, హైనాల గొడవల లెక్కలన్నీ తీసి 2023లో ఒక పత్రం అచ్చేశారు. ఇంగ్లీషులో ఉంటే సారు మాకు చదివి చెప్పారు. వాళ్ళు అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. సింహం మీదికి పోతే చావొచ్చు. పోకుండా వెనక నిలబడ్డా, మిగతావాళ్ళు గెలిస్తే తిండి దొరకొచ్చు. అలాంటప్పుడు ఒక హైనా ముందుకెందుకు పోవాలి?

నేనైతే ఆకలి వల్ల అనుకున్నాను. కాదట. ఆకలి ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ తెగిస్తాయని తేలలేదు. హైనాలు ఎక్కువ ఉండి, మగసింహం లేనప్పుడే అవి ఎక్కువగా కలిసి నడిచాయి. ఇక ఏ హైనా గుంపుతో నడుస్తుందనేది దేన్నిబట్టి ఉందంటే, తన దగ్గరి చుట్టాలు అక్కడ ఉన్నారా, తనకు బాగా స్నేహమున్నవి ఉన్నాయా, అంతకు కొంచెం ముందు పలకరించుకున్నాయా, ఇవీ లెక్కలు. ఏళ్ళనాటి స్నేహమూ పనిచేసింది, ఆ పూట పలకరింపూ పనిచేసింది. ఇంకొకటి. ముందుకు నడిచిన హైనాలకు తర్వాత ఆ తిండి దగ్గర నోరు పెట్టే అవకాశం వెనక నిలబడ్డవాటికన్నా ఎక్కువగా దొరికింది. మన హాస్టల్లో ట్యాంకు కడిగే ఆదివారం నాడు ఎక్కడో దాక్కొని, నీళ్ళు నిండగానే మొదట బకెట్టు పెట్టేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవగలరు. పేర్లు రాయను.

అట్లాగని హైనాలను దేవతలను చేయడం నాకిష్టం లేదు. గుంపులో వాటిలో అవి కొట్టుకుంటాయి. పెద్ద హోదా తల్లి పిల్ల వస్తే చిన్న హోదా తల్లి తింటున్నది వదిలేసి జరగాలి. పక్క గుంపు హైనా సరిహద్దు దాటి వస్తే చంపేస్తాయి కూడా. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1985 నుంచి 2014 వరకు హైనాలను పెంచారు. అక్కడ వాటికొక పరీక్ష పెట్టారు. ఎత్తులో తిండి ఉంటుంది, రెండు తాళ్ళు వేలాడుతుంటాయి. రెండూ ఒకేసారి లాగితేనే తలుపు తెరుచుకొని తిండి కింద పడుతుంది. ఒక్కటి లాగితే పడదు. జత హైనాలు ఎవరూ నేర్పకుండానే కలిసి లాగాయి. తెలిసిన హైనా పక్కన తెలియనిదాన్ని ఉంచితే, తెలిసింది దాని తీరుకు తగ్గట్టు తన పద్ధతి మార్చుకుంది. కాని పెద్ద హోదావి రెంటిని జతచేసినప్పుడు మాత్రం కొట్లాట ఎక్కువై పని చెడింది. ఈ సంగతి 2009లో అచ్చయింది. ఇద్దరు క్లాసు లీడర్లున్న తరగతి మనదగ్గర ఒకటుంది, అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇవన్నీ తాతకు మంచెమీద చెప్పాను. ఆఫ్రికా ఎక్కడుందో తాతకు అక్కర్లేదు. హైనా ఎంత బరువుంటది, సింహం ఎంత బరువుంటది అని మాత్రం అడిగాడు. చెప్పాను. కొంచెంసేపు ఆగి, "మరి పిలిస్తే ఎవ్వరు రాకుంటే అది ఏం జేస్తది?" అన్నాడు.

"ఎనకకు పోతది తాతా. తిండి ఇడిసిపెట్టి పోతది."

"పోవాలె మరి," అన్నాడు తాత.

తర్వాత కూత వేశాడు. నేను చిన్నప్పుడు మా మంచెనుంచి పదకొండు జవాబులు లెక్కపెట్టేదాన్ని. ఆ రాత్రి నాలుగే వచ్చాయి. పెద్దబాపు వాళ్ళు పిల్లలతో సహా పట్నంలో బిల్డింగు పనికి పోయారు. వాగవతల ముసలాయన పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. ఇంకో ముగ్గురు మక్క మానేసి పత్తి పెట్టారు, పత్తికి పందుల బాధ తక్కువని. వాళ్ళు రాత్రి చేనుకు రారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, వాళ్ళ చేలో కాపలా కాసేదేముంది? కాని ఆ మక్క అమ్మిన పైసలతోనే మా అక్క నర్సింగు ఫీజు కట్టాలి. సెలవులు అయిపోవడానికి రెండురోజుల ముందు పందులు పడ్డాయి. తాత కూత వేశాడు, నలుగురు పలికారు. ఇద్దరు దూరం చేలవాళ్ళు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. బాపు కట్టె పట్టుకొని దిగబోతే తాత చెయ్యి పట్టుకొని ఆపాడు. ముగ్గురం మంచెమీదనే ఉండి డబ్బాలు కొట్టాం, బ్యాటరీ వేశాం. పందులు ఆ చప్పుడును లెక్కచేయలేదు. కంకులు విరుగుతున్న చప్పుడు తెల్లారుజాము దాకా వినిపించింది. పొద్దున చూస్తే ఆరు సాళ్ళు నేలమట్టం అయ్యాయి.

వచ్చే ఏడాది పత్తి పెట్టిన ముగ్గురు కూడా వంతులవారీగా మంచెలకు రావాలని, వచ్చినవాళ్ళకు మక్కలో కొంత ఇవ్వాలని బాపు ఊళ్ళో మాట్లాడుతున్నాడు. ఇద్దరు ఒప్పుకున్నారట. మొన్న ఆదివారం ఫోన్లో చెప్పాడు. మూడో ఆయన బాపుతో పాత గట్టు తగాదా ఉన్నాయన. ఆయన దగ్గరికి తాత పోయి కూర్చొని వచ్చాడట, పని సంగతి ఎత్తకుండా ఊరికే బీడీ తాగి వచ్చాడట.

చివరికి ఒక మనవి. మన దుమ్ములగొండి గురించి నేను పుస్తకాల్లో వెతికితే రెండు ముక్కల కన్నా ఎక్కువ దొరకలేదు. మీ గూడెంలో దాన్ని చూసినవాళ్ళు, దాని గుహ ఎక్కడుందో తెలిసినవాళ్ళు, దాని అరుపు విన్నవాళ్ళు ఉంటే సంక్రాంతి సెలవుల్లో అడిగి రాసుకొని రండి. గుహ దగ్గరికి మాత్రం పోకండి. వచ్చే సంచికకు నాకు ఇవ్వండి, మీ పేర్లతోనే వేస్తాను.